బూత్‌లో ఒక్క నోటా

పార్లమెంటు ఎన్నికల పోలింగ్ రోజు మధ్యాహ్నం మైదుకూరులో కడప బస్సెక్కాను. పక్క సీట్లోని పెద్దాయన సిరా గుర్తున్న వేలిని కండువా కొసలో దాచుకున్నాడు.

"నోటా నొక్కినానప్పా," అన్నాడు నా చెవిలో. "నిలబడినోళ్లంతా ఓట్లప్పుడే కనపడే రకం. ఒక్కడికీ వేయబుద్ధి కాలేదు."

"అయితే భయమెందుకు పెద్దాయనా?"

"బూత్ వారీగా లెక్కపెడతారంట. మా ఊర్లో ఎవురు ఎవురికేస్తారో పార్టీ ఏజెంట్లకు తెలుసు. నోటాకు ఒకటే పడుంటే నాదేనని పట్టేయరా? ఆమీట ఊర్లో ఉండనిస్తారా?"

ఎవరికీ తెలియదులే అన్నాను. అప్పుడే ముందు సీటాయన తల తిప్పి మా ఇద్దరినీ చూశాడు.

మా ఊళ్లో నేనూ నోటాకే వేసి వచ్చాను. ఆ మాట చెబితే పెద్దాయనకు కాస్త ధైర్యం వచ్చేది. చెప్పలేదు. నా వేలు పిడికిట్లోకి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.