నా కడాయి, నా టిఫిన్ డబ్బా

నూడుల్స్‌ను నేను ఎగరేసినంత ఎత్తుకు ఎగరేసేవాడు సూర్యాపేటలో ఇంకొకడు లేడు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, జనం అనేది. సరే, నేనూ చెప్పుకుంటాను. మంట కడాయి అంచు దాటి లోపలికి దూకినప్పుడు కాలేజీ పిల్లలు ఫోన్లు తీసి వీడియో పట్టేవారు. నేను వాళ్ళను చూడనట్టే మెడ కొంచెం పక్కకు తిప్పి గరిటె ఆడించేవాణ్ణి. ఈ పని మిర్యాలగూడలో నేర్చుకున్నాను. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని రోజుల్లో, రైస్ మిల్లుల దగ్గర ఒక ఫాస్ట్‌ఫుడ్ సెంటర్‌లో రెండేళ్ళు క్యాబేజీ తరిగాను. తరిగి తరిగి ఒకనాటికి కడాయి ముందుకు వచ్చాను. ఆ తర్వాత సొంత ఊరికొచ్చి సొంత బండి పెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళయింది.

నాకు ఇంకో గర్వం కూడా ఉండేది. నా బండి మీది తిండి నా ఇంట్లో ఎవరూ ముట్టరు. మొదటి రోజు నుంచీ అది నేను పెట్టిన నియమం. మా ఆవిడది కోదాడ. రోజూ మధ్యాహ్నం నాకు టిఫిన్ డబ్బా కట్టి ఇస్తుంది. జొన్నరొట్టె, తోటకూర పప్పు, ఎండాకాలమైతే అన్నం, పచ్చిపులుసు. సాయంత్రం రద్దీ మొదలయ్యే ముందు బండి వెనక స్టూలు వేసుకుని అది తినేవాణ్ణి. నా బిడ్డ చిన్నప్పుడు నూడుల్స్ కోసం ఏడిస్తే, "గది మనం తినేది కాదు బిడ్డా, అమ్మేది" అనేవాణ్ణి. ఆ మాట ఎంత బాగా చెప్పానో అని నాకే ముచ్చటగా ఉండేది. పిల్లను ఇంత పద్ధతిగా పెంచే తండ్రి ఎవడున్నాడు అనుకునేవాణ్ణి.

రోజూ వచ్చే గిరాకీల్లో ఒక టిప్పర్ డ్రైవర్ ఉండేవాడు. పెన్‌పహాడ్ మనిషి. పని దిగగానే నా దగ్గరికే వచ్చి డబుల్ ఎగ్ ఫ్రైడ్‌రైస్ చెప్పేవాడు, పక్కన ఎర్రగా చికెన్ సిక్స్‌టీఫైవ్. ఒకసారి కళ్ళు తిరుగుతున్నాయని దవాఖానకు పోతే, రక్తపరీక్ష చేయాలి, రేపు పొద్దున ఫాస్టింగ్‌లో రమ్మన్నారు. మనవాడు ఆ సాయంత్రం నా దగ్గర ఒక పార్సిల్ కట్టించుకుపోయాడు. పొద్దున్నే లేచి చల్లారిన ఫ్రైడ్‌రైస్ అంతా తిని, పోయి చెయ్యి చాపాడు. ఏమైనా తిన్నారా అని నర్సు అడిగితే, "మీరు జెప్పిందే మేడం, ఫాస్ట్‌ఫుడ్" అన్నాడట. తనే వచ్చి నాకు చెప్పాడు. ఆ ముచ్చటను నేను ఏడాది పాటు బండి దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించాను. ఆ మర్నాడు ఏమీ తినకుండా మళ్ళీ పోతే షుగర్ ఉందని తేలిన సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. అది చెబితే ఎవరూ నవ్వరు.

నా బిడ్డ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బళ్ళో వ్యాసం పోటీ పెట్టారు. విషయం 'నేను కోరుకునే ఆదర్శ సమాజం'. మా పిల్లకు మొదటి బహుమతి వచ్చింది. కోదాడలో ఇంకో పోటీ ఉంది, అక్కడ అందరి ముందు చదవాలన్నారు. ఆ రోజు నేను బండి తీయలేదు. పెళ్ళిళ్ళకు దాచుకున్న తెల్ల చొక్కా వేసుకుని వెంట బయలుదేరాను. బస్సెక్కిన దగ్గర నుంచి మునగాల దాటేదాకా అడుగుతూనే ఉన్నాను.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఆడ ఇంటవ్ గద నాన్నా," అని కిటికీ వైపు తిరిగింది. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. ముందు చదివిన పిల్లల సమాజాల్లో లంచాలు లేవు, కులాలు లేవు, అందరికీ ఉద్యోగాలు ఉన్నాయి. బాగానే అనిపించాయి. తర్వాత నా బిడ్డ లేచింది. కాగితం చూడకుండానే మొదలుపెట్టింది.

"నేను కోరుకునే సమాజంలో వండేవాళ్ళూ తినేవాళ్ళూ ఒకే కడాయిలోది తింటారు. మా నాన్న ఫాస్ట్‌ఫుడ్ బండి నడుపుతారు. మా నాన్న చాలా మంచివారు. మాకు మాత్రం బండి మీది ఎన్నడూ పెట్టరు. ఎందుకు పెట్టరో మా నాన్నకు తెలుసు. నా తోటి పిల్లలు రోజూ అక్కడే తింటారు. మా నాన్న నన్ను చూసినట్టే వాళ్ళను కూడా చూసే సమాజం నాకు కావాలి."

ఇంకా చాలా చెప్పింది, నాకు వినబడలేదు. చప్పట్లు ఆగాక పక్కన కూర్చున్న పెద్దాయన, ఎవరో రిటైరైన మాస్టారులా ఉన్నాడు, నా వైపు ఒంగాడు.

"ఎంత బాగా చెప్పిందండీ. ఎవరి పిల్లో?"

ఎవరూ అడగకపోయినా నా గొప్ప నేను చెప్పుకునే మనిషిని. అడిగినప్పుడు నోరు రాలేదు. "ఏమో సార్, సూర్యాపేట పాపంట" అన్నాను. నా బిడ్డను నా బిడ్డ అని చెప్పుకోని రోజు నా బతుకులో అదొక్కటే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, అక్కడిచ్చిన బహుమతి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"కోపమొచ్చిందా నాన్నా?"

"వచ్చింది. నువ్వు ఏసుకున్న బట్టలు గా కడాయిలకెల్లే వచ్చినయ్. యాదుంచుకో."

అనకూడని మాట అని అంటున్నప్పుడే తెలుసు. అది ఏడవలేదు. నా పిల్ల కదా.

"ఎరుకే నాన్నా. బండి తీసెయ్యమన్ననా? మాకు పెట్టేటిదే అందరికి పెట్టమన్న. గంతే."

సూర్యాపేట వచ్చేదాకా రోడ్డు పక్క ధాబాలను చూస్తూ కూర్చున్నాను.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే ఆమె అయినా నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. "దాని మాటలో తప్పేముందండీ?" అంది. "ఊరందరికీ కడాయిలోది పెట్టి, మీరేమో దాని వెనకే కూర్చుని నా డబ్బా తింటారు. పిల్ల అదే రాసింది."

వారం తర్వాత ఒకరోజు డబ్బా మూత తీయలేదు. నిన్నటి నూనె, ఎర్ర రంగు, టేస్టింగ్ సాల్ట్, గిరాకీకి వేసినట్టే అన్నీ వేసి నాకు నేనే ఒక ప్లేటు చేసుకున్నాను. నిజం చెప్పాలంటే రుచిగానే ఉంది, నా చెయ్యి మరి. అట్లా రోజూ తింటే మూడో సాయంత్రానికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, ఎన్ని నీళ్ళు తాగినా తీరని దాహం. మూడు పూటలకే నాకు ఇట్లా ఉంటే, ఆ డ్రైవర్ ఏళ్ళ తరబడి తిన్నాడు. పైగా అతణ్ణి చూసి ఊరంతా నవ్వేట్టు చేశాను. నాకు చాలా సిగ్గేసింది.

నాలుగో రోజు పాత నూనె పారబోశాను. రంగు డబ్బా, సాల్ట్ ప్యాకెట్ చెత్తలో వేశాను. ఇక ఏ రోజు నూనె ఆ రోజుకే, అదీ సగం. క్యారెట్, బీన్స్ రెట్టింపు చేశాను. రెండో పొయ్యి మీద మా ఆవిడ జొన్నరొట్టెలు మొదలుపెట్టింది. గిరాకీ తగ్గింది.

"ఏందన్నా, సప్పగున్నది. రంగు గూడ లేదు," అన్నాడొకడు.

"రంగు గావాల్నంటే హోలీకి రా తమ్మీ," అన్నాను.

వాడు నవ్వి పక్క బండికి పోయాడు. ఆ బండివాడు నూడుల్స్ జానెడు కూడా ఎగరేయలేడు. అయినా అక్కడికే పోయారు చాలామంది. ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ ఉంది.

టిప్పర్ డ్రైవర్ మాత్రం పోలేదు. ఇప్పుడు రెండు రొట్టెలు, పప్పు తింటాడు. అతని షుగర్ ఏమీ మాయమైపోలేదు, గోలీలు మింగుతూనే ఉన్నాడు. ఫాస్టింగ్ ముచ్చట ఇక ఎవరికీ చెప్పనని అతనికి మాటిచ్చాను. "జెప్పు అన్నా, గని మొత్తం జెప్పు" అన్నాడు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను, షుగర్ తేలిన సంగతితో సహా.

మొన్న సాయంత్రం నా బిడ్డ బడి నుంచి నేరుగా బండి దగ్గరికి వచ్చింది. పదో తరగతి ఇప్పుడు. సంచి కింద పెట్టి స్టూలు మీద కూర్చుని, "నాన్నా, ఒక ప్లేట్ నూడుల్స్" అంది. నేను రమ్మనలేదు, తినమనలేదు. బండి పెట్టిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఎన్నడూ ఎగరేయనంత ఎత్తుకు ఎగరేశాను. కొన్ని కింద పడ్డాయి, పడనీ అనుకున్నాను. అది తల ఎత్తకుండా తింటూ, అడుగున మిగిలిన క్యారెట్ ముక్కలు కూడా ఏరుకుంటోంది.

అప్పుడే కోదాడ వైపు పోయే కారు ఒకటి ఆగింది. దిగినాయన బోర్డు చూసి, కడాయి చూసి, ఏం చెప్పాలో తేల్చుకోలేక నా బిడ్డ ప్లేటు వైపు చెయ్యి చూపించాడు.

"ఆ పాప ఏం తింటుందో నాకూ అదే పెట్టండి."

"నా బిడ్డ సార్," అన్నాను, ఆయన అడగకపోయినా. "గీడ అందరికి గదే."