ఉత్త ఫ్లాష్

నా చిన్నప్పుడు మా చిన్నాయన వారమంతా సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు, పెళ్లి ముహూర్తాలున్న రోజున మాత్రం మెడలో కెమెరా వేసుకునేవాడు. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు. వాటి చప్పుడు పొద్దస్తమానం చెవుల్లో పడడంవల్ల ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉండేది. కెమెరా చేతిలోకి వస్తే మాత్రం గొంతు తగ్గిపోయేది. ఆ కెమెరా కూడా ఆయనది కాదు. జగిత్యాలలో ఒక స్టూడియో ఆయన దగ్గర అడిగి తెచ్చుకుని, పెళ్లి కాగానే తిరిగి ఇచ్చేసేవాడు.

పెళ్లిళ్లకు పోయేటప్పుడు ఆయన వెంట నన్ను పంపేది మా నాయనమ్మ. ముద్దు కొద్దీ కాదు, భయం కొద్దీ. నక్సలైట్లను ఊళ్లలో అన్నలని పిలిచే రోజులవి. పాతికేళ్లవాడు భుజాన సంచితో ఒంటరిగా బస్సెక్కితే దారిలో పోలీసులు దించి సంచి విప్పించేవారు. ఊళ్లో దిగాక, నువ్వెవరి మనిషివని అన్నల తరఫువాళ్లు ఆరా తీసేవారు. పక్కన పదేళ్ల ఆడపిల్ల ఉంటే రెండువైపులా కాస్త మెత్తబడతారని నాయనమ్మ నమ్మకం. "పిల్ల చెయ్యి ఇడువకు" అని ఆయనకు చెప్పేది, "చిన్నాయన చెయ్యి ఇడువకు" అని నాకు చెప్పేది. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక ఎండాకాలం ఆయన సొంత కెమెరా కొనాలనుకున్నాడు. ఇద్దరం బస్సులో కోరుట్ల పోయాం. అక్కడ గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన రేడియోలు, గడియారాలు, కెమెరాలు అమ్మే దుకాణం ఉండేది. దుకాణదారు మా ముందు రెండు కెమెరాలు పెట్టాడు. ఒకటి నల్లగా, నున్నగా, అరచేతిలో పట్టేంత ఉంది. ఫ్లాష్ దానిలోనే ఉంది. మీట నొక్కితే ఫోటో తీసుకుని, జర్రుమంటూ రీలు తనే తిప్పుకుంటుంది. రెండోది పాత ఇనుప కెమెరా. ప్రతి ఫోటోకూ బొటనవేలితో రీలు తిప్పాలి. దాని ఫ్లాష్ వేరే డబ్బాలా పక్కన బిగించుకోవాలి. ఆ డబ్బా వెనక ఒక ఎర్రబల్బు, బల్బు పక్కన చిన్న మీట.

నా మనసంతా నల్లదాని మీదే ఉంది. దుకాణదారుదీ అదే మాట.

"గీ జమానాల గా ఇనుపది ఎవడు మోస్తడన్నా? గిది చూడు, దుబాయ్ మాలు. నువ్వు నొక్కుడే, అంత అదే చేస్కుంటది."

"అంత అదే చేస్కుంటే ఇగ నేనెందుకు?" అన్నాడు చిన్నాయన.

పాతదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. రీలు తిప్పి చూశాడు, తిప్పకుండా చూశాడు. తర్వాత డబ్బా వెనక చిన్న మీట నొక్కాడు. ఫోటో పడిన చప్పుడేమీ లేకుండానే దుకాణమంతా ఒక్కసారి తెల్లగా వెలిగింది. "గిదే కావాలె" అన్నాడు. నేను మూతి ముడుచుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నా అలక తీర్చడానికి ఆ మీట సంగతి చెప్పాడు. పెళ్లిలో ప్రతివాళ్లూ ఫోటో దిగుతామంటారు. రీలులో ముప్పయ్యారే పడతాయి. వద్దంటే మొహాలు చిన్నబుచ్చుకుంటారు. అందుకని పిల్లలకూ, ఊరికే వచ్చి నిలబడేవాళ్లకూ రీలు తిప్పకుండా ఈ మీట నొక్కితే చాలు, వెలుగు వస్తుంది, వాళ్లు సంతోషంగా పోతారు. దాన్ని ఆయన ఉత్త ఫ్లాష్ అనేవాడు. జగిత్యాల కెమెరాకూ అలాంటి మీట ఉండేదట.

నాకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. అంతకు ముందు ఒక పెళ్లిలో కొత్త పరికిణీ వేసుకుని నేను ఫోటో దిగాను. నెలల తరబడి ఆ ఫోటో కోసం చూశాను.

"మరి నాది?"

చిన్నాయన కిటికీవైపు మొహం తిప్పుకున్నాడు. "నీది గూడ గంతే బిడ్డా."

వేములవాడ వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. సంచి విప్పించి కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశారు. ఫోటోగ్రాఫర్‌వా, ఏ ఊళ్లల్లో తీస్తావు, ఎవరి పెళ్లిళ్లు తీస్తావు అని అడిగి ఆయన పేరు పుస్తకంలో రాసుకున్నారు. బస్సు కదిలిన తర్వాత కూడా చిన్నాయన చేతిలో నా చెయ్యి చెమటతో తడిసే ఉంది. ఆ చెమట నాది కాదు.

ఆ నెలలోనే ముస్తాబాద్ అవతల ఒక ఊళ్లో పెళ్లి ఒప్పుకున్నాడు. ఆడపెళ్లివారిది కల్లు గీసే ఇల్లు. తండ్రి లేడు. పెళ్లికూతురి అన్న రెండేళ్ల కింద అన్నల్లో కలిసి అడవికి పోయాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పందిట్లో ఇద్దరు మనుషులున్నారు. ఆడపెళ్లివారు వాళ్లను మగపెళ్లివారి చుట్టాలనుకున్నట్టు, మగపెళ్లివారు ఆడపెళ్లివారి చుట్టాలనుకున్నట్టు నటిస్తున్నారు. ఇద్దరి జుట్టూ ఒకేలా కత్తిరించి ఉంది. భోజనం చేసి కూడా పోవడం లేదు.

తలంబ్రాలు అయిపోయాక పెళ్లికూతురి తల్లి చిన్నాయన దగ్గరికి వచ్చింది. "తమ్మీ, దేవునర్రల ఒక ఫోటో తియ్యాలె, రా" అంది. సంచి నా దగ్గరుంది కాబట్టి నేనూ వెంట పోయాను. దేవుడి పటాలుండే ఆ చిన్న గది మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉంది. పెళ్లికూతురు అక్కడ నిలబడి ఉంది. పక్కన తలకు తువ్వాల చుట్టుకుని, చేతులకు మసితో వంటవాడిలా ఉన్న ఒక మనిషి. అన్నం గిన్నెలు మోసేవాళ్లతో కలిసి వెనక తలుపు నుంచి లోపలికి వచ్చాడట. పెళ్లికూతురి కళ్లు, అతని కళ్లు ఒక్కలాగే ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది.

"మా ముగ్గురిది ఒక్కటి తియ్యి తమ్మీ" అంది తల్లి. "మళ్ల ఎప్పుడు కలుస్తమో ఏమో."

"వద్దవ్వా" అన్నాడు కొడుకు.

"నువ్వు ఊకో. రెండేండ్ల నుంచి నీ మాటనే నడుస్తున్నది."

ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. చిన్నాయన తన భుజం మీది తువ్వాలతో కెమెరా అద్దం తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. ఆ కాలంలో ఫోటోల రీళ్లు పోలీసులు తీసుకుపోవడం మేం విన్నదే. ఒక్క ఫోటోతో ఒక మనిషి మొహం ఊరూరికీ తెలిసిపోతుంది. ఆ మొహంతో పాటు పక్కన నిలబడ్డవాళ్ల మొహాలు కూడా. చిన్నాయన కెమెరా కంటికి పెట్టుకున్నాడు. రీలు తిప్పలేదు. గదంతా తెల్లగా వెలిగింది, కానీ టక్కుమనే చప్పుడు రాలేదు. నేను తలెత్తి ఆయన్ని చూశాను. ఆయన నావైపు చూసిన చూపుకు నా నోరు మూతపడిపోయింది. ఆ మనిషి తువ్వాల మొహం మీదికి లాక్కుని వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడు.

మేం బయటికి రాగానే ఆ ఇద్దరిలో ఒకతను అరుగు మీద కనిపించాడు. నా ముందు కూర్చుని లడ్డు ఇచ్చాడు.

"ఏం పాపా, లోపట ఎవలి ఫోటో తీసిండ్రు?"

"ఎవలిది తియ్యలే."

"మరి మెరిసింది గదా?"

అబద్ధం ఆడడం అప్పటికి నాకు బాగా రాదు. కానీ నా పరికిణీ ఫోటో మీద కోపం ఇంకా పచ్చిగానే ఉంది. "అది ఉత్త ఫ్లాష్. రీలు తిప్పకుంట కొడ్తడు. మా చిన్నాయన అందర్ని గట్లనే మోసం చేస్తడు. నాది గూడ గట్లనే చేసిండు" అన్నాను. ఆ మాటల్లో ఏడుపు నిజమైనదే. అతను నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు, "మరి లోపట ఉత్త ఫ్లాష్ ఎవలికి కొట్టిండు?"

"పెండ్లిపిల్లకు. వాళ్లవ్వకు."

అక్కడ ఆగాను. ఇంకో పేరు కోసం అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. నేను లడ్డు మొత్తం నోట్లో పెట్టుకున్నాను. ఇక మాట్లాడడానికి వీలు లేదు.

అతను రీలు అడిగాడు. చిన్నాయన మారు మాట్లాడకుండా తీసి ఇచ్చాడు. పది రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. తర్వాత పోలీస్ స్టేషన్‌కు పిలిపించి, కడిగిన ఫోటోలు, రీలు తిరిగి ఇచ్చారు. అన్నీ పెళ్లి ఫోటోలే.

ఆల్బం ఇవ్వడానికి పోయినప్పుడు ఆ తల్లి పేజీలన్నీ రెండుసార్లు తిప్పింది. మూడోసారి తిప్పుతూ, "నా కొడుకుది ఏది తమ్మీ?" అని చిన్న గొంతుతో అడిగింది.

"పడలేదక్కా" అన్నాడు చిన్నాయన. "చెయ్యి వణికింది."

ఆ సిరిసిల్ల పోరనికి ఫోటో తియ్యడం రాదని ఆమె ఆ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పింది. అటువైపు నుంచి మళ్లీ ఎవరూ పిలవలేదు. సాంచాల యజమాని కూడా, "ఏమోయ్ ఫోటోగ్రాఫరూ, చెయ్యి వణుకుతదట గదా, మిషిన్ కాడ జర పైలం" అని నలుగురిలో నవ్వేవాడు. చిన్నాయన కూడా నవ్వేవాడు. నాకు ఉక్రోషం ఆగేది కాదు. నిజం చెప్పెయ్యమని పోరాను.

"చెప్తే ఏమైతది? పిలగాడు ఎంత ఆపతిల ఉన్నడో ఆమెకు తెలుస్తది" అన్నాడు. "ఇప్పుడు నా మీద కోపం ఉన్నది. ఉండనియ్యి. కోపం ఉన్నోళ్లకు నిద్ర పడ్తది. భయం ఉన్నోళ్లకు పట్టది."

వానలు వెనకపట్టాక ఆ పెళ్లికూతురి అన్న ఎన్‌కౌంటర్లో చనిపోయాడని పేపర్లో వచ్చింది. పక్కన వేసిన ఫోటో బడిలో చదివేటప్పటిది, మీసాలు కూడా రాని పిల్లవాడిది. కొన్ని రోజులకు ఆ తల్లి మమ్మల్ని వెతుక్కుంటూ సిరిసిల్ల వచ్చింది. పేపరు ముక్క కొంగున కట్టుకుని ఉంది. వాకిట్లో కూర్చుని నీళ్లు కూడా ముట్టలేదు.

"తమ్మీ, గా రీలు ఇంక ఉన్నదా? మందు నీళ్లల్ల ఇంకొక్కసారి కడిగితే వస్తదేమో చూడరాదు" అంది. "సక్కగ రాకున్న మంచిదే. మసక మసకగ వచ్చినా నేను గుర్తుపడ్త."

చిన్నాయన ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "అక్కా, నేను తియ్యలేదు" అన్నాడు. ఏమైందో మొత్తం చెప్పాడు. మీట, తిప్పని రీలు, పందిట్లో ఇద్దరు మనుషులు, అన్నీ. ఆమె కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కొంగు ముడి విప్పి పేపరు ముక్క తీసి, మడతపెట్టి మళ్లీ కట్టుకుంది. కొడుకుతో కలిసి దిగిన ఆఖరి ఫోటో సరిగా పడలేదని కాదు, అసలు తియ్యనేలేదని వినడం ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు కొంచెం తెలుసు.

చివరికి ఆమె అంది, "ఆ పొద్దు మేం ముగ్గురం నీ దిక్కే చూసినం. నేను వాని దిక్కు చూడనే లేదు, ఫోటోల చూస్కుందమనుకున్న. మేం ఎట్ల నిలవడ్డమో చూసింది నువ్వొక్కనివే. చెప్పు."

ఆయన చెప్పాడు. సాంచాల చప్పుడుకు అలవాటైన ఆ గొంతు అంత మెల్లగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. పెళ్లికూతురు ఎడమ పక్క ఉందని, బాసికం కొంచెం వంకర అయిందని, కొడుకు తల్లి కంటే మూరెడు ఎత్తున్నాడని, గడ్డం కింద తెల్లటి మచ్చ ఉందని. "చెట్టు మీదికెళ్లి పడ్డ మచ్చ అది" అంది ఆమె. కొడుకు ముందు బిగుసుకుని ఉన్నాడని, తర్వాత చిన్నాయన బొటనవేలు రీలు తిప్పకుండా డబ్బా మీదికి పోవడం గమనించాడని చెప్పాడు. "వానికి తెలిసిపోయిందక్కా. తెలిసి, నన్ను చూసి నవ్విండు. పండ్లు కనవడేటట్టు నవ్విండు."

"నవ్విండా?"

"నవ్విండు."

నేను పక్క నుంచి చూశాను కాబట్టి చిన్నాయనకు కనిపించనిది ఒకటి నాకు కనిపించింది. అడగకుండానే చెప్పాను. "పెద్దమ్మా, నువ్వు ఎనక నుంచి అన్న అంగీ పట్టుకున్నవు. గట్టిగ, ముద్ద చేసి పట్టుకున్నవు."

ఆమె తన కుడిచెయ్యి ఎత్తి, మూసి, దాన్నే చూసుకుంది. "అవ్ బిడ్డా, పట్టుకున్న" అంది. తర్వాత చిన్నాయనవైపు తిరిగి, "మళ్ల చెప్పు" అంది. ఆయన మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. ముస్తాబాద్ బస్సు వేళయ్యేదాకా మూడుసార్లు చెప్పాడు.

ఆయన చేసింది సరైనదేనా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "నాకు గూడ ఇప్పటికి తెల్వది బిడ్డా" అన్నాడు. నేనూ ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇప్పుడు నాకు నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. వాడు కాసేపు కనిపించకపోతే నా గుండె నా మాట వినదు. ఫోను నిండా వాడి ఫోటోలే. అయినా పొద్దున బడి ఆటో వచ్చే వేళకు ఫోను లోపలే వదిలేసి గేటు దాకా పోతాను. ఈరోజు వాడి ఎడమ మేజోడు జారి ఉంది. కుడికాలు ముందు పెట్టి ఎక్కాడు. పక్క పిల్లతో ఏదో గొడవపడుతూ నావైపు చూడడం మరిచిపోయాడు, మలుపు దగ్గర గుర్తొచ్చి చెయ్యి ఊపాడు. ఎవరైనా అడిగితే మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను. నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అడిగే అవసరం రాకూడదని కోరుకుంటూనే, రోజూ అలా చూస్తాను.