మంజుల రెండో లాంగ్‌టర్మ్

2022 అక్టోబరు. అప్పటికి నేను కెరీర్ కౌన్సెలర్‌గా పని మొదలుపెట్టి ఆరేళ్లయింది. శేరిలింగంపల్లిలో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో నా గది. అంతకుముందు పదకొండేళ్లు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్ఆర్‌లో చేశాను. కొత్తగా చేరినవాళ్లకు పరీక్ష పెట్టి, మార్కులు చూసి, ఎవరు ఏ పనికి సరిపోతారో చెప్పడం అక్కడ నా ఉద్యోగం. కాగితం మీది అంకెను నమ్మే అలవాటు అక్కడే పట్టుకుంది.

మా పనిలో రెండు పరీక్షలు ముఖ్యం. ఆప్టిట్యూడ్ టెస్ట్ విద్యార్థికి ఏది చేతనవుతుందో చెబుతుంది. ఇంట్రెస్ట్ ఇన్వెంటరీ ఏది ఇష్టమో చెబుతుంది. రెండూ కలిపి చూసి, ఏ కోర్సులు పరిశీలించవచ్చో రిపోర్టు రాస్తాం.

ఆ నెలలో యాదయ్య గారు కూతురు మంజులను తీసుకొచ్చారు. పేర్లు మార్చాను. ఆయన ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ నడుపుతారు. సొంత ఊరు కోకాపేట. టవర్లు రాకముందు అక్కడ బర్రెలు పెట్టుకుని బతికిన కుటుంబం. మంజుల ఇంటర్ బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుంది, కానీ నీట్‌లో రెండుసార్లు ర్యాంకు రాలేదు. రెండోసారి ఏడాదంతా లాంగ్‌టర్మ్, అంటే ఆ ఒక్క పరీక్ష కోసమే చదివే కోచింగ్, తీసుకుని మరీ రాసింది. ఇంకో ఏడాది కూర్చోబెట్టాలా వద్దా అన్నది ప్రశ్న.

ఆ ప్రశ్న ఆయనే అడిగారు. నేను వేసిన ప్రశ్నలకు జవాబులూ చాలావరకు ఆయనే చెప్పారు. కూతురికి చిన్నప్పటి నుంచి డాక్టరే కావాలని ఉందన్నారు, బస్తీలో అందరికీ అదే తెలుసన్నారు. మంజుల తల ఊపింది. నెమ్మదస్తురాలని అనుకున్నాను.

సైన్స్‌లో, తర్కంలో ఆమె స్కోర్లు చాలా బాగున్నాయి. ఇష్టాల పట్టికలో మనుషులతో మాట్లాడటం, నేర్పించడం అన్నవి అన్నిటికన్నా పైన ఉన్నాయి. అదీ వైద్యానికి పనికొచ్చేదే కదా అనుకుని ముందుకు పోయాను. ఇంకో ప్రయత్నం చేయడం సమంజసమే అని రాసి సంతకం పెట్టాను. యాదయ్య గారు రిపోర్టును రెండు చేతులతో అందుకున్నారు. ఆ వారమే మంజులను మళ్లీ లాంగ్‌టర్మ్‌లో చేర్చారు.

జనవరిలో ఒక ఆదివారం ఫోన్ కూడా చేయకుండా ఇద్దరూ వచ్చారు. ఆయన ముఖం మాడిపోయి ఉంది. కోచింగ్ సెంటర్ వాళ్లు ఫోన్ చేశారట, రెండు నెలలుగా మంజుల మధ్యాహ్నం క్లాసులకు రావడం లేదని. రోజూ సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చేది, పుస్తకం పట్టుకునేది, ఎవరికీ అనుమానం రాలేదు. ఎక్కడికి పోతున్నావని అడిగితే ఏమీ చెప్పడం లేదట.

ఆయన ముందు నన్నే నిలదీశారు. "రాసిచ్చింది మీరే గదా మేడం, డాక్టర్ అయితదని. గిట్ల చేస్తే నేను ఎవ్వరికి ఏం చెప్పాలె?"

నేను అలా రాయలేదు, ప్రయత్నించవచ్చని రాశాను. ఆ తేడా అప్పుడు చెప్పి లాభం లేదు. కాసేపు కింద టీ తాగి రమ్మని ఆయన్ను పంపించాను. మంజులతో ఒంటరిగా కూర్చోవడం అదే మొదటిసారి అని, తలుపు వేశాకే నాకు తట్టింది.

ఎక్కడికి వెళ్తున్నావని నేను అడగలేదు. మొదటిరోజు ఇంకేమైనా చెప్పాలనుకున్నావా అని మాత్రం అడిగాను.

"గా దినం మీరు నన్ను అడగలే మేడం," అంది. "నాయిననే అడిగిండ్రు."

కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పింది. నిజమే, అడగలేదని ఒప్పుకున్నాను. ఆ తర్వాతే ఆమె మొత్తం చెప్పింది.

ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా వాళ్ల నాయనమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మనిషికి అన్నీ అర్థమవుతాయి, మాటే దొరకదు. దీన్ని అఫేసియా అంటారు. వారానికి మూడుసార్లు ఆమెను దవాఖానకు తీసుకెళ్లింది మంజులే. అక్కడి స్పీచ్ థెరపిస్ట్, అంటే పోయిన మాటను అభ్యాసంతో తిరిగి రప్పించే నిపుణురాలు, ఆపిల్, గొడుగు, విమానం బొమ్మలు చూపించేది. నాయనమ్మ పెదవి కదిపేది కాదు. ఒకరోజు మంజుల తన ఫోన్‌లో వెతికి, ఇంట్లో గోడకు వేలాడే పాత పటానికి తీసిన ఫొటో చూపించింది. అందులో వాళ్ల బర్రె ఉంది. నాయనమ్మ చాలాసేపు చూసి "లచ్చి" అని బర్రె పేరు పలికింది. నాలుగు నెలల తర్వాత అదే మొదటి మాట. ఆ రోజు నుంచి థెరపిస్ట్ బొమ్మలు పక్కన పెట్టి మంజులనే అడిగేది, రేపటికి ఏం తెస్తావని. పాల క్యాను, బర్రెను కట్టే పలుపు, చుట్టాల ఫొటోలు తీసుకెళ్లేది. ఒక్కొక్క మాటే తిరిగొచ్చింది. మరుసటి ఏడాది నాయనమ్మ పోయింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆమె ఆ థెరపీ గదికే వెళ్తోంది. ఆ మేడమ్‌కు సాయం చేస్తోంది. అబద్ధం చెప్పడం తప్పని తెలుసంది. డాక్టర్ చదువు ఇష్టం లేదని ఇంట్లో అనడానికి నోరు రాలేదంది.

ఇదంతా నాన్నకు నువ్వే చెప్పాలి, నేను పక్కన ఉంటాను అన్నాను. యాదయ్య గారు పైకి వచ్చాక తడబడుతూనే చెప్పింది. బర్రె ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయెత్తి ఆపారు. ఆ నెలల్లో ఆయనవి రెండు షిఫ్టులట, దవాఖాన సంగతులేవీ తెలియవు.

"మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిన దినం నాకు యాదికున్నది," అన్నారు. "మందులతోనే మాట వచ్చిందనుకున్న."

కళ్లు తుడుచుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లారు. మంజుల మెల్లగా ఏడ్చింది. నేను నీళ్లిచ్చాను.

ఆయన వెంటనే ఒప్పుకున్నారని చెప్పలేను. ఆ వారంలో ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి ఆ థెరపీ గదిలో ఒక మూల కూర్చున్నారు. మంజుల ఒక రిటైర్డ్ బస్సు కండక్టర్‌తో స్టాపుల పేర్లు వరసగా చెప్పించడం చూశారు. తర్వాత కూడా నీట్ ఇంకొక్కసారి రాసి తీరాలన్నారు. రాసింది, ర్యాంకు రాలేదు. అప్పుడు నా దగ్గరికి ఒక్కరే వచ్చి, ఆ చదువును ఏమంటారో కాగితం మీద రాసిమ్మన్నారు. బస్తీలో నలుగురూ అడుగుతారు, నోరు తిరగాలి కదా అన్నారు. ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ, వినికిడికీ మాటకూ సంబంధించిన డిగ్రీ అని తెలుగు అక్షరాల్లోనే రాసిచ్చాను. రెండుసార్లు పైకి చదువుకుని జేబులో పెట్టుకున్నారు.

ఆ ఏడాదే మంజుల ఆ కోర్సులో చేరింది. మొదటి సంవత్సరం ఫిజిక్స్ ఎక్కువై ఇబ్బంది పడింది, గట్టెక్కింది. ఇప్పుడు కోర్సులో భాగంగా క్లినిక్‌లో పిల్లలతో పనిచేస్తోంది.

ఆమె పాత రిపోర్టు నా దగ్గర ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. స్కోర్లలో తప్పు లేదు. ఆమెకు చేతనవుతుందని అవి చెప్పాయి, నేను దాన్ని కావాలనుకుంటోందని చదివాను. ఇష్టాల పట్టిక వేరే మాట చెబుతున్నా, ముందే తీర్మానం చేసుకుని ఉండటం వల్ల నాకు వినపడలేదు. ఇప్పుడు తల్లిదండ్రులు ఎంత తొందరపెట్టినా మొదటి అరగంట విద్యార్థి ఒక్కరితోనే కూర్చుంటాను. ఆ అరగంటలో చాలామంది ఏమీ చెప్పరు. అప్పుడు రిపోర్టు రాయను, ఇంకోసారి రమ్మంటాను.