అందరికీ అర్థమైన క్విట్

పాఠం చెడగొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. పాఠం బ్రహ్మాండంగా చెప్పి కొంప ముంచుకున్న మహాతల్లిని చూడాలంటే, ఇదిగో, నన్ను చూడండి!

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో డెమో క్లాసు ఉచితం. పిల్లలు వీధంతా తిరిగి, డెమోలన్నీ విని, నచ్చినచోట చేరతారు. "ఈ బ్యాచు మన దగ్గర చేరితే ఇంగ్లిష్ మేడం పోస్టు నీదేనమ్మా" అన్నారు మా సెంటర్ సారు. అంతే! పోస్టు వచ్చేసిందని చిక్కడపల్లిలో చుట్టాలందరికీ చాటేశాను. ఆలు లేదు, చూలు లేదు!

హాలు కిక్కిరిసింది. నాకు పూనకం వచ్చేసింది.

"స్టాప్ అంటే ఆపుడు. చదువుడు ఆపి, చాయ్ తాగి మళ్ల షురూ చెయ్యొచ్చు. క్విట్ అంటే? పూర్తిగ ఇడిసిపెట్టుడు! ఎనకకు చూసుడు లేదు. సమజైందా?"

"కాలే మేడం!"

చేసి చూపిస్తే జన్మలో మరిచిపోరని నాకెవరో చెప్పారు. వాళ్ల నోట్లో మన్నుపడ!

"అందరు లేవుండ్రి! 'ఐ క్విట్' అనుకుంట బయటికి నడువుండ్రి!"

"ఐ క్విట్!" హాలు దద్దరిల్లింది. సినిమా వదిలిన జనంలా బిలబిలమంటూ మెట్లు దిగారు. ఆహా, ఏం ఉత్సాహం! నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. కిటికీలోంచి చూద్దును కదా, అందరూ ఎదురు సెంటర్ డెమోలోకి దూరుతున్నారు. అక్కడ సమోసాలు కూడా ఇస్తున్నారట!

"మళ్ల రండ్రి!" అని అరిచాను.

"ఎనకకు చూసుడు లేదన్నరు గద మేడం!" అని కింది నుంచి జవాబు.

సారు రొప్పుతూ పైకొచ్చారు. "ఏం చెప్పినవమ్మా? ఎవర్ని ఆపినా ఐ క్విట్ అంటున్నరు!"

"గదే చెప్పిన సార్. మస్తు సమజైంది వాళ్లకు."

వ్రతం చెడ్డా ఫలం దక్కాలంటారు. నాకు ఫలం దక్కబట్టే వ్రతం చెడింది.

చివరి బెంచీలో ఒక్కడు మాత్రం మిగిలాడు. ప్రాణం లేచొచ్చింది నాకు.

"నువ్వెందుకు పోలే తమ్మీ?"

"నాకు సమజ్ కాలే మేడం. జర మళ్ల చెప్తరా?"

నేను చాక్‌పీసు అందుకున్నాను. సారు రెండు చేతులూ జోడించారు.

"నీకు దండం పెడ్త బిడ్డా! గీ ఒక్కనికన్న చెప్పకు!"

బ్యాచు ఎదురు సెంటర్లో చేరింది. నా పోస్టు గోవిందా. ఆ సాయంత్రం నారాయణగూడ చౌరస్తా సాక్షిగా శపథం పట్టాను: తలుపుకు గడియ పెట్టనిదే ఏ పాఠమూ చేసి చూపించను!