నాన్న కాళ్లు పట్టుకుని ఏడ్చిన రోజు

గల్ఫ్‌కి పనికొచ్చి రోలాలో ఒకే గదిలో ఉంటున్న ఆడవాళ్లమంతా ఫోన్లో ఒక బొమ్మల సీరియల్ చదువుతుంటాం. ఈ వారం అందులో తాగుబోతు తండ్రి, కూతురు ఏడ్చిందని సీసా పారేశాడు. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉద్యోగానికి వెళ్లాడు. కింద కామెంట్లలో ఒకటే వెక్కిరింతలు. "చేతులైనా వణకలేదేంట్రా!" అని ఎవరో రాశారు. పక్క మంచం మంగ, "ఒక్క ఏడుపుతో ఖలాస్! మా ఆయన్నీ ఈ బొమ్మలేసేవోడి దగ్గరికే పంపాలి," అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

మన ఈడు వాళ్లకు సారా ప్యాకెట్లు గుర్తున్నాయా? మా ఇంట్లో చూరులో, బియ్యం డబ్బాలో, చివరికి నా పుస్తకాల సంచిలోనూ దొరికేవి. నా తెలుగు వాచకం సారా కంపు కొట్టేది.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకరోజు అమ్మ నన్ను ముందుకు తోసి, "నువ్వడిగితే మానేత్తాడే," అంది. నాన్న కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

"నీ మీదొట్టమ్మా, ఇంక తాగను," అంటూ ఆయనా ఏడ్చాడు. రెండు రోజులు దుప్పటి కింద వణుకుతూ పడుకున్నాడు. మూడో రోజు సాయంత్రం తూలుతూ ఇంటికొచ్చాడు.

అమ్మ ఆయన్నేమీ అనలేదు. నా వైపు తిరిగి, "నువ్వు గట్టిగా ఏడవలేదే," అంది.

నాన్న పోయేదాకా నేనా మాటే నమ్మాను.