గాజుల తాహెరా చెప్పిన మాట

హనుమకొండ చౌరస్తా పక్క సందులో తాహెరా బేగం ముప్పై ఏళ్లుగా గాజుల దుకాణం నడుపుతోంది. గాజులు తొడగడం చాలామందికి వచ్చు. తాహెరాకు ఇంకో విద్య కూడా తెలుసు. నెల తప్పిన ఆడదాని వేళ్లు కలిపి నొక్కి గాజు ఎక్కిస్తుంటే, ఆ చెయ్యి తనకు తెలియకుండానే పొట్టవైపు కాస్త లాక్కుంటుందట. ఓసారి వినోద అనే టీచరమ్మ కడుపులో తిప్పుతోందని మాత్రలు మింగుతుంటే, "గ్యాస్ కాదు బిడ్డా, ఇగ చింతకాయలు తెచ్చుకో" అని నవ్వి పంపింది. వారం తిరక్కుండా వినోద మిఠాయి డబ్బాతో వచ్చింది. కొందరికి మాత్రం ఆమెకు చెయ్యివ్వాలంటే జంకే. మన ఒంట్లో గుట్టు మనకన్నా ముందు ఇంకొకరికి తెలిస్తే ఏం బాగుంటుంది?

అలాంటి తాహెరా ఇంట్లోనే, పెళ్లయిన ఆరేళ్లకు కోడలు అఫ్సానా నెల తప్పింది. పరీక్షలో రెండు గీతలూ ముదురుగా వచ్చాయి. తెల్లారితే వాంతులు, పోపు వాసన పడకపోవడం, రొమ్ముల్లో సలపరం, ఊరికే నిద్ర, అన్నీ ఉన్నాయి. ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉన్నాయి. రెండో నెలకే పొట్ట నాలుగు నెలల పొట్టలా కనిపించింది. కొడుకు సమద్‌కైతే కాళ్లు నేల మీద ఆనడం లేదు.

శుక్రవారం నాడు తాహెరా కోడలికి ఆకుపచ్చ గాజులు తొడగబోయింది. నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆ చెయ్యి ఎటూ లాగలేదు. ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా వెచ్చగా తాహెరా ఒళ్లో పడి ఉంది. అఫ్సానా మాత్రం నవ్వుతూనే ఉంది.

చెబితే ఇంట్లో సంతోషం బుగ్గవుతుంది. చెప్పకపోతే కోడలికేమవుతుందో తెలియదు.

"సమద్, జర దవాఖానకు తీస్కపోయి స్కానింగ్ చేయించురా. నా చేతికి పిల్ల జాడ తెలుస్తలేదు."

"ఆరేండ్లకు అల్లా ఇచ్చిండు. నీ నోటితోని గట్లెట్లంటవ్ అమ్మీ?" అని సమద్ తల్లితో మాట్లాడటం మానేశాడు.

మూడు రోజులు చూసి, నాలుగో రోజు తాహెరాయే కోడలిని ఆటో ఎక్కించింది.

డాక్టరమ్మ తెరవైపు చాలాసేపు చూసింది. అందులో బిడ్డ లేదు. సన్నని నీటిబుడగలు గుత్తులుగా కడుపంతా నిండి ఉన్నాయి.

"దీన్ని ముత్యాల గర్భం అంటారమ్మా. లక్షణాలన్నీ ఉంటాయి, బిడ్డ ఉండదు. ఆలస్యమైతే రక్తం పోయి ప్రాణం మీదికొచ్చేది."

ఆ సాయంత్రమే కడుపు శుభ్రం చేశారు. సమద్ తల్లి మొహం చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కోడలు దక్కినందుకు తాహెరా ఏడ్చింది, తన మాటే నిజమైనందుకు ఇంకా ఏడ్చింది.

అఫ్సానా కళ్లు తెరిచింది. ఏడవలేదు. అత్తను దగ్గరికి రమ్మని మెల్లగా అడిగింది.

"లోపల ఎవ్వరు లేకుండెనట గద అమ్మీ. మరి రోజు పగటిపూట పొట్ట మీద చెయ్యి పెట్టి నేను మాట్లాడితె, నాకు జవాబు చెప్పింది ఎవలు?"