ఫైర్‌వాల్‌కు పర్మిట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పనికి చేరినప్పుడైతే రోజుకోసారి బయటపడేది. ఒక ఆదివారం మాత్రం నవ్వులోకి దిగింది.

ఆ పొద్దున డిస్పాచ్‌లో గేట్‌పాసులు ప్రింటు కావడం ఆగిపోయింది. మా నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టె ఒకటే. దాని లోపల మాత్రం ఆఫీసుకొకటి, ప్లాంటుకొకటి, డిస్పాచ్‌కొకటి, మూడు ఉత్తుత్తి గోడలు. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో ఏ గోడ రూల్స్ ఆ గోడవే. డిస్పాచ్ గోడ రూల్స్‌ను ముందురోజు ఎవరో కెలికి పెట్టారు. మంచి కాపీ నా దగ్గరుంది. దాన్ని మళ్లీ ఎక్కిస్తే చాలు.

డిస్పాచ్‌లో గేట్‌పాసులు రాసే అక్కకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. నలభై దాటాక దూరవిద్యలో డిగ్రీకి కట్టిన మనిషి. మధ్యాహ్నం రెండింటికి సంగారెడ్డిలో ఆఖరి పేపర్. గేట్‌పాసు లేనిదే సరుకు లారీ కదలదు, లారీ గేటు దాటితే తప్ప ఆమె కుర్చీ వదలకూడదు. నిరుడు ఇదే పేపర్ ఇలాగే పోయింది.

మా దగ్గర ఏ పనికైనా సేఫ్టీ పర్మిట్ కావాలి. 'ఫైర్‌వాల్ రీలోడ్' అని రాసి పంపాను. సేఫ్టీ ఆఫీసర్, హత్నూర పెద్దాయన, తానే వచ్చేశాడు. ఫైర్ అన్న మాటుంటే అది తన డిపార్ట్‌మెంటేనట. గోడ ఏ బ్లాకులో ఉంది, లోడ్ ఎన్ని టన్నులు, క్రేన్ ఎప్పుడొస్తుంది అని వరసగా అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ని లాక్కెళ్లినంత పని చేసి, వీసీఆర్ అంత ఉండే ఆ పెట్టెను చూపించాను. పెట్టె మొత్తం రీలోడ్ చేస్తే ప్లాంటు కనెక్షన్లు కూడా తెగుతాయి, అందుకే డిస్పాచ్ గోడ ఒక్కదాన్నే ముట్టుకుంటానని గబగబా చెప్పాను.

ఆయన పెట్టెను ఒకసారి తట్టి చూశాడు.

"అంటే ఒక బ్లాకుల అంటుకున్నది పక్క బ్లాకుకు పోవద్దు. గంతే గదా బిడ్డా? మా గోడలు గూడ గందుకే."

మేనేజర్లకు ఎన్నాళ్లుగానో చెప్పలేక నేను చస్తున్న ముక్క అదే. నవ్వొచ్చేసింది. ఆయన సంతకం పెట్టాడు గానీ, రూల్ రూలేనంటూ మంటలార్పే సిలిండర్ పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఎంటర్ కొట్టాను. డిస్పాచ్ లైన్ తెగింది. ఆయన సిలిండర్ పిన్ను మీద వేలు పెట్టాడు. కాసేపటికి ప్రింటర్ కదిలిందని అక్క ఫోన్ చేసింది.

లారీ గేటు దాటేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆటో ఒక్కటీ లేదు. ఫ్యాక్టరీ ఫైర్ బండిని వారానికోసారి ఎలాగూ తిప్పాలి, ఆ తిప్పేదేదో సంగారెడ్డి దాకా తిప్పుదామని ఆఫీసరే తాళాలు తీసుకుని అక్కను ఎక్కించుకున్నాడు.

తర్వాతి సంగతి సోమవారం అక్కే నవ్వాపుకోలేక చెప్పింది. వీళ్లు చేరేసరికి కాలేజీ గేటు మూసేశారట. ఎర్ర బండిని చూసి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, గేటు బార్లా తెరిచి, మంట ఎక్కడని అడిగాడట. ఆఫీసర్ అక్కను చూపించి, "ఈమె కడుపుల ఉన్నది. జల్దీ లోపలికి పంపు, ఆరుతది" అన్నాడట.

ఆ ఏడు అక్క డిగ్రీ పాసైంది. నా సొంత డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా నేనంత సంతోషపడలేదు.